ఇల్లు, జీతం, వడ్డీ – ఒకే దూలానికి మూడు ఉట్లు

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇళ్ళ ధరల మీద, హోమ్ లోన్ల మీద అరగంట మాట్లాడమని మన కార్యదర్శి అడిగాడు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేశాను. అందులో సగం ఇంటి అప్పులు మంజూరు చేసే కుర్చీలోనే గడిచింది. ఇందాక టీ తాగే దగ్గర నా పాత బెంచీ మిత్రుడు, "అవన్నీ ఎందుకురా, ధరలు పెరుగుతయా తగ్గుతయా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. అది తెలిసుంటే నేను పెన్షన్ మీద బతకాల్సిన పని ఉండేది కాదు. నాకు తెలిసింది అప్పు సంగతి. అదే చెబుతాను.

ఈ సభలో రెండు రకాల వాళ్ళున్నారు. భూములు అమ్మినవాళ్ళ పిల్లలం ఒక రకం. అదే భూముల మీద లేచిన ఫ్లాట్లు అప్పు చేసి కొంటున్నవాళ్ళు రెండో రకం. కొన్ని ఇళ్ళల్లో ఇద్దరూ ఒక్కరే. మా నాయన 1994లో మూడెకరాలు అమ్మిండు. ఆ డబ్బుతో మా అక్క పెళ్ళయింది, ఒక బోరు పడింది, మిగిలింది పోస్టాఫీసులో వేసిండు. ఇప్పుడు ఆ రోజులు తలచుకొని మన పెద్దవాళ్ళను అమాయకులనడం తేలిక. ఆ బండరాళ్ళ నేలలో జొన్న కూడా సరిగ్గా పండేది కాదు. నాలుగేళ్ళ తర్వాత, 1998 నవంబరులో, అప్పటి ప్రధాని వాజ్‌పేయి వచ్చి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అది కూడా ఒక్క గుండ్రటి బిల్డింగే కదా, దీంతో ఏమవుతుందిలే అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను, బ్యాంకు ఉద్యోగిని అయ్యుండి.

తర్వాతి కథ మీకు తెలుసు. 2006లో హుడా కోకాపేటలో వేలం పెడితే ఎకరం 14 కోట్లు దాటింది. ఊరంతా నోరు తెరిచింది. మరి రెండేళ్ళకు మార్కెట్ పడిపోయింది. ఆ భూములు పాడుకున్నవాళ్ళలో కొందరు హక్కుల వివాదం చూపి, మా డబ్బు మాకివ్వండని కోర్టుకెక్కారు. ఈ రెండో భాగం ఎవరికీ గుర్తుండదు. 2021లో అదే కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం 60 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో 100 కోట్ల 75 లక్షలు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు.

ఇలాంటి వార్త వచ్చిన మర్నాడు మన ఊళ్ళో 120 గజాల పాత ఇల్లున్న ప్రతివాడూ రేటు పెంచుతాడు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం. ఎకరానికి 4,840 గజాలు. 100 కోట్ల 75 లక్షలను దాంతో భాగిస్తే గజం 2 లక్షల 8 వేలు పడుతుంది. కానీ ఆ కొన్నాయన గజాల లెక్కన అమ్మడు. ఎకరంలో 150 ఫ్లాట్లు లేపాడనుకోండి, ఒక్కో ఫ్లాటుకు భూమి ఖర్చే 67 లక్షలు. ఇంకా ఇటుక పెట్టలేదు, సిమెంటు కొనలేదు, తన అప్పుకు వడ్డీ కట్టలేదు. ఒక్కో ఫ్లాటుకు దక్కే జాగ 32 గజాలు. అంటే ఆ ధర పైకి యాభై అంతస్తులు వేసుకోవచ్చు అనే అవకాశానికి కట్టిన ధర. ఇరవై అడుగుల గల్లీలో ఉన్న మన 120 గజాలకు ఆ అవకాశం లేదు, ఆ ధరా లేదు.

ఈ అవకాశం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 2006లో జీవో 86 వచ్చింది. అంతకుముందు స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉండేది. హైదరాబాదులో దాన్ని ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఫైర్ నిబంధనలు సరిపోతే ఎంతెత్తయినా కట్టుకోవచ్చు. ముంబైలో, బెంగళూరులో ఇంత స్వేచ్ఛ లేదు. మన నగరంలో చాలాకాలం ఇళ్ళు అక్కడికంటే చవకగా ఉండడానికి ఇదొక కారణం. ఇది మంచిదే. అయితే ముప్పయ్యో అంతస్తులో బాల్కనీ నుంచి చెరువు కనిపిస్తుందని పది లక్షలు ఎక్కువ పెట్టి కొన్న తమ్ముడు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎదురుగా ఉన్న ఖాళీ జాగలో రేపు నలభై అయిదంతస్తులు లేస్తే చెరువు వాళ్ళకు కనిపిస్తుంది.

సరే, కొనేవాడి జేబులోకి వద్దాం. కోటీ ఇరవై లక్షల ఫ్లాటు, ఇంకా కడుతున్నారు. 75 లక్షలు దాటిన అప్పుకు ఇంటి విలువలో 75 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నియమం. అంటే అప్పు 90 లక్షలు, చేతి డబ్బు 30 లక్షలు. రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం, 9 లక్షలు. కడుతున్న ఇంటికి జీఎస్టీ 5 శాతం, 6 లక్షలు. వీటికి బ్యాంకు అప్పు రాదు. మొత్తం 45 లక్షలు మన దగ్గర ఉండాలి. కప్‌బోర్డులు, ఫ్యాన్లు దీంట్లో కలపలేదు.

ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. 45 లక్షలు ఉండవు, 25 ఉంటాయి. మిగిలింది పర్సనల్ లోను, బంగారం మీద లోను, బావమరిది దగ్గర చేబదులు. హోమ్ లోను మంజూరయ్యాక తీసుకున్నవి కాబట్టి బ్యాంకు లెక్కలోకి రావు. నా ముందు కూర్చుని "వేరే అప్పులేం లేవు సార్" అని సంతకం పెట్టి, బయట మెట్లు దిగుతూ ఫోన్లో పర్సనల్ లోను అప్లై చేసినవాళ్ళను నేనెరుగుదును.

90 లక్షలకు 8 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళకు కిస్తు నెలకు 75,280. మొదటి నెల దాంట్లో 60,000 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 15,280. ఇరవై ఏళ్ళలో కట్టేది కోటీ 80 లక్షలు. అప్పు ఎంతో వడ్డీ దాదాపు అంత. మన లెక్కల సారు తొమ్మిదో తరగతిలో చక్రవడ్డీ పాఠం చెబుతూ, ఈ లెక్క రానివాడు వడ్డీ కట్టేవాడవుతాడు అనేవారు. లెక్క వచ్చినవాళ్ళం కూడా కట్టాం సార్. ఇల్లు కావాలంటే తప్పదు. అలాంటి ఫ్లాటే మా ఇంటి దగ్గర నెలకు 35, 40 వేలకు అద్దెకు దొరుకుతుంది. కాబట్టి అద్దె దండగ అనే మాటను కళ్ళు మూసుకొని నమ్మకండి. అద్దె ఇంట్లో ఉన్నవాడు తేడా డబ్బు దాచుకుంటే లాభపడతాడు, ఖర్చు పెట్టేస్తే నష్టపోతాడు. ఎక్కువమంది ఖర్చే పెడతారు. ఇల్లు కొనడంలో నాకు కనిపించే పెద్ద లాభం ఆ బలవంతపు పొదుపే.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. దీనికి ఒక కథ చెప్పాలి. ఆ కథలో ఉన్న తమ్ముడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పను. కథ చెప్పమన్నది మాత్రం అతనే.

2007 చివర్లో అతను నా బ్రాంచికి వచ్చాడు. మన బడే, నాకంటే చాలా ఏళ్ళు చిన్న. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, భార్యదీ అదే కంపెనీ. మియాపూర్ వైపు 27 లక్షల ఫ్లాటు చూసుకున్నాడు. అయిదు లక్షలు చేతి డబ్బు. ఆ డబ్బు వాళ్ళ నాయన భూమి అమ్మగా ఇతని వాటాకు మిగిలింది. మిగతా 22 లక్షలు అప్పు, వడ్డీ పదిన్నర. కిస్తు 22 వేలు. కారు లోను ఇంకో ఆరు వేలు. అతని జీతం 42 వేలు. జీతంలో మూడింట రెండు వంతులు కిస్తులకే పోతుందంటే ఏ అధికారైనా కాగితం పక్కన పెట్టాలి. నేను పెట్టలేదు. భార్య జీతం కలిపాను, ఏటా పదిహేను శాతం పెరుగుతుందని రాశాను, మన బడి పిల్లాడని సంతోషపడ్డాను. పై ఆఫీసు కూడా ఆ సంవత్సరం టార్గెట్ల మీద ఉంది, ఎవరూ ప్రశ్న వేయలేదు.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. అక్కడ కట్టలేనివాళ్ళకు ఇంటి అప్పులిచ్చి, ఆ అప్పుల కాగితాలను మళ్ళీ మళ్ళీ అమ్ముకున్న వ్యవహారం అది. మనకేంటి సంబంధం అనుకున్నాం. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటపడింది. ఆ వారం మా బ్రాంచిలో లోన్ల కౌంటరు దగ్గర జనం మాట్లాడుకోవడం కూడా మానేశారు. ఈ తమ్ముడిది సత్యం కాదు. కానీ అమెరికా క్లయింట్లు పనులు ఆపేస్తే ఒక్క కంపెనీకే ఆపుతారా? ఏప్రిల్ నాటికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ బెంచి మీద, జూన్‌కు ఇద్దరూ ఇంట్లో.

90 రోజులు కిస్తు పడకపోతే ఖాతా మొండి బాకీ కిందికి వెళుతుంది. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు మీద సంతకం నాది. మంజూరు కాగితం మీదా నాదే. అతను ఇంటికి వచ్చి గొడవ పడి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. రాలేదు. వేలానికి ముందే ఫ్లాటు అమ్ముకుంటానన్నాడు. సంవత్సరమున్నర ముందు 27 లక్షలిచ్చిన ఫ్లాటును 23కు అడిగేవాడు కూడా కష్టంగా దొరికాడు. అప్పు, వడ్డీ, ఏజెంటు కమీషన్ పోగా చేతికి ఏమీ మిగల్లేదు. వాళ్ళ నాయన భూమి డబ్బు అయిదు లక్షలు అలా తిరిగి ఈ నేలలోనే కలిసిపోయింది.

తర్వాత ఏమైంది? ఏడాదిలోగా ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో మార్కెట్ కొన్నాళ్ళు కదల్లేదు గానీ, 2014 తర్వాత ఊపందుకుంది. ఆ ఫ్లాటు ధర తర్వాత రెండింతలయింది. అతన్ని దెబ్బ తీసింది ధర పడిపోవడం కాదు, పడిపోయిన రోజునే అమ్మాల్సి రావడం. పది నెలల కిస్తులు, రెండు లక్షల 20 వేలు, ఒక డిపాజిట్‌లో ఉండుంటే ఆ ఇల్లు ఇప్పటికీ అతనిదే.

మిగతా ఊళ్ళకు, మన ఊరికి తేడా ఇదే. వరంగల్‌లో ఒక టీచరు ఇల్లు కొంటే, అమెరికాలో మాంద్యం వచ్చినా జీతం ఆగదు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇల్లు కొంటే, జీతం అమెరికా క్లయింటు నుంచి. ఇంటి ధర నిలబడేది తనలాంటి ఇంకో ఉద్యోగి కొంటాడన్న నమ్మకం మీద. రెండో ఫ్లాటుకు అద్దె కట్టేది ఇంకో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. దాచుకున్నది కంపెనీ షేర్లలో. డల్లాస్ నుంచి డబ్బు పంపే అన్నది కూడా అదే పరిశ్రమ. ఉట్లు వేరువేరుగా కనిపిస్తాయి గానీ అన్నీ ఒకే దూలానికి కట్టినవి. 2025 సెప్టెంబరులో అమెరికాలో కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటించిన రాత్రి మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు నిద్రపోలేదు. అందులో సగం మందికి వీసాతో పనే లేదు. ఆ భయం ఎందుకో నాకు అర్థమయింది.

అందుకే ఈ కారిడార్‌లో పనిచేసేవాళ్ళకు నేను చెప్పేది బ్యాంకు చెప్పేదానికంటే కఠినంగా ఉంటుంది. ఇద్దరి జీతాలున్నా ఒక్కరి జీతం మీదే అప్పు లెక్కేసుకోండి. ముఖ్యంగా ఇద్దరిదీ ఒకే రంగమైతే. ఏడాది కిస్తులకు సరిపడా డబ్బు విడిగా ఉన్నాకే బుకింగ్ చేయండి. ఒక ఇల్లు ఇక్కడ ఉంటే రెండోది కూడా నార్సింగిలోనే ఎందుకు? పెట్టుబడి అయితే దూలం మార్చండి.

ఇక వడ్డీ. డల్లాస్ అన్నలు ఇక్కడి తమ్ముళ్ళకు ఫోన్లో సలహాలిస్తుంటారు. అక్కడి పద్ధతి వేరు. అమెరికాలో ముప్పై ఏళ్ళకు ఒకే వడ్డీ ఖాయం చేసుకుంటారు. 2021లో 3 శాతానికి తీసుకున్నవాడు, 2023లో కొత్త అప్పులు 8 శాతం దగ్గరకు పోయినా, 3 శాతమే కడుతున్నాడు. అందుకే ఇల్లు మారడానికి కూడా ఇష్టపడడు. మన దగ్గర ఇంటి అప్పులు ఎక్కువ భాగం మారే వడ్డీవి. రిజర్వు బ్యాంకు రెపో రేటు కదిలితే పాత అప్పు, కొత్త అప్పు అన్నీ కదులుతాయి.

దీని దెబ్బ 2022లో చాలామంది తిన్నారు. ఎక్కడ తగిలిందో చాలామందికి తెలియలేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4 నుంచి ఆరున్నరకు పెరిగింది. ఆరుముప్పావు శాతానికి 50 లక్షలు, ఇరవై ఏళ్ళకు తీసుకున్నవాడి కిస్తు 38,018. ఏడాది కట్టాక వడ్డీ రెండున్నర పెరిగి 9.25 అయిందనుకోండి. కిస్తు మాత్రం అంతే ఉంచారు. అప్పుడు నెలకు వడ్డీయే 37,598. అసలులోకి పోయేది 420 రూపాయలు. ఆ లెక్కన అప్పు తీరడానికి దాదాపు 49 ఏళ్ళు పడుతుంది. మిగిలిన పంతొమ్మిదేళ్ళలోనే తీరాలంటే కిస్తు 45,500 కావాలి. కిస్తు పెరగలేదు కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్ళకు తమ అప్పు రిటైర్మెంటు దాటి పోయిందని తెలియదు. మన జూనియర్ ఒకమ్మాయి స్టేట్‌మెంటు తెస్తే చూశాను. ఆమెకు 71 ఏళ్ళు వచ్చేదాకా కిస్తులున్నాయి!

ఇలాంటివి పెరిగాకే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. వడ్డీ మారినప్పుడు కిస్తు పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంతా, లేదా ముందే కొంత కట్టేస్తారా అని అప్పు తీసుకున్నవాడిని అడగాలి. ఎంత గడువు మిగిలిందో స్టేట్‌మెంటులో చూపాలి. అడిగే హక్కు మీకుంది. అడగనివాడికి ఎవరూ వెతుక్కుంటూ వచ్చి చెప్పరు, నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

2025లో రెపో మళ్ళీ దిగింది. ఆరున్నర నుంచి డిసెంబరు నాటికి 5.25. తగ్గింపు మీ దాకా వచ్చిందా చూసుకోండి. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులో తీసుకున్న మారే వడ్డీ అప్పయితే బయటి రేటుకు, సాధారణంగా రెపోకు, ముడిపడి ఉంటుంది. కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. అంతకుముందు తీసుకున్నవి పాత పద్ధతిలోనే మిగిలిపోయి ఉండొచ్చు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ రెపో నియమం వర్తించదు. బ్యాంకుకు వెళ్ళి కొత్త పద్ధతికి మార్చమని రాసివ్వండి. ఒప్పుకోకపోతే ఇంకో బ్యాంకుకు మార్చుకోండి. మారే వడ్డీ ఇంటి అప్పును ముందే తీర్చేస్తే వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదు. బోనస్ వచ్చినప్పుడు లక్ష, రెండు లక్షలు అసలులో కట్టండి, మొదటి అయిదారేళ్ళలో కట్టిందే ఎక్కువ పని చేస్తుంది.

ప్రీ-లాంచ్ గురించి రెండు మాటలు. రేటు సగం, డబ్బంతా ముందే, కాగితం మీద యూడీఎస్ రాస్తాం అంటారు. 500 చదరపు మీటర్లు, లేదా ఎనిమిది ఇళ్ళు దాటిన ఏ ప్రాజెక్టయినా రెరాలో రిజిస్టర్ కాకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఒప్పందం రిజిస్టర్ కాకముందు పది శాతానికి మించి తీసుకోకూడదు. ఇలాంటి వాటికి బ్యాంకు హోమ్ లోను ఇవ్వదు. బ్యాంకు ఎందుకివ్వదో ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు. నా బ్యాచ్‌లో ఇద్దరు రిటైర్మెంటు డబ్బు ఇందులో పెట్టారు. ఒకాయన ఈ సభకు రాలేదు, పిలవడానికి ఇంటికి వెళితే సరిగ్గా మాట్లాడలేకపోయాడు.

అరగంట దాటింది, కార్యదర్శి గడియారం చూపిస్తున్నాడు. నా మియాపూర్ తమ్ముడి సంగతి పూర్తి చేసి దిగుతాను. 2017లో అతను మళ్ళీ ఇల్లు కొన్నాడు. ఈసారి నేను రిటైర్మెంటు దగ్గర్లో ఉన్నాను, వేరే బ్రాంచి, వేరే అధికారి. అయినా కాగితాలు ముందు నాకు తెచ్చి చూపించాడు. అప్పు తన ఒక్కడి జీతంలో మూడో వంతు దాటకుండా లెక్క వేసుకున్నాడు. బ్యాంకు ఇంకో 15 లక్షలు ఇస్తానన్నా వద్దన్నాడట. ఆ అప్పు పోయిన ఏడాది తీరిపోయింది.

భోజనాలయ్యాక మన పాత ఏడో తరగతి గదిలో కూర్చుంటాను. లోన్ స్టేట్‌మెంటు ఫోన్లో ఉన్నా సరే, తీసుకొని రండి. మిగిలిన అసలెంత, వడ్డీ ఎంత, గడువు ఎన్ని నెలలు, ఈ మూడూ చూద్దాం. ఆ తమ్ముడు కూడా నాతోపాటు కూర్చుంటానన్నాడు.